తొలి పరీక్ష చూసి షేరు కొనవచ్చునా?

మన బాపట్ల ప్రాంతపు రైతుకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. కొత్త వరి వంగడం పరిశోధనా కేంద్రంలో విరగపండిందని వినగానే ఉన్న పొలమంతా దానితో నాటడు. ముందు కాస్త విత్తనం తెచ్చి ఒక మడిలో వేసి చూస్తాడు. గాలివానకు పడిపోతుందా, దోమకు తట్టుకుంటుందా, మిల్లువాడు ఏమంటాడు, ఇవన్నీ తేలాకే నమ్ముతాడు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, అదే మన బీపీటీ 5204, ఒక్క సీజనులో దేశమంతా పాకలేదు.

అదే రైతు కొడుకు ఫోనులో "తొలి దశ పరీక్షలు విజయవంతం" అన్న ఒక్క ముక్క చదివి మందుల కంపెనీ షేరులో లక్ష రూపాయలు పోసేస్తున్నాడు. కొందరైతే కౌలు డబ్బు కూడా! మా కర్లపాలెంలోనూ ఈ గాలి వీస్తున్నది.

మిత్రులారా, తొలి దశ అంటే ఏమిటి? కొద్దిమందికి, సాధారణంగా ఆరోగ్యవంతులకే, మందిచ్చి హాని చేస్తుందో లేదో చూడటం. జబ్బు తగ్గుతుందా అన్న ప్రశ్న అసలు అక్కడ లేదు. అది రెండో దశలో మొదలై మూడో దశలో తేలుతుంది. తొలి దశలో అడుగుపెట్టిన మందులలో చివరికి అనుమతి దాకా వచ్చేది సుమారు పదింట ఒకటి.

లెక్కలో చెబుతాను. మందు లేకుండానే సగం మందికి తగ్గే జబ్బు ఒకటి ఉందనుకోండి. 20 మందికి మందిస్తే 14 మందికి తగ్గింది. ఆహా అంటాం. కాని నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే 14 లేదా అంతకు మించి బొమ్మలు పడే అవకాశం నూటికి సుమారు 6. అంటే పనికిరాని మందును 17 కంపెనీలు ఇలా పరీక్షిస్తే సగటున ఒకదానికి ఆ "విజయం" దక్కుతుంది. పేపరుకెక్కేది ఆ ఒక్కటే, తక్కిన 16 నోరు మెదపవు!

మనవాళ్ల అనుభవమే చూడండి. తాడేపల్లి పసుపు రైతు కొడుకు, గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివిన డాక్టర్ అంజిరెడ్డి హైదరాబాదులో కంపెనీ పెట్టి సొంతంగా కొత్త మందులు కనుక్కోవాలని తపించారు. మధుమేహానికి వారు తయారుచేసిన రాగాగ్లిటజార్‌ను 1998లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకున్నది. మూడో దశ దాకా వెళ్లింది. 2002 జులైలో, మందిచ్చిన ఎలుకలలో మూత్రాశయ కణుతులు కనిపించాయని పరీక్షలు ఆపేశారు. షేరు పడింది. హైదరాబాదుదే సువెన్ లైఫ్ సైన్సెస్. అల్జీమర్స్ కోసం వారి మాసుపిర్డిన్ 2019 నవంబరులో రెండో దశలో లక్ష్యం అందుకోలేదు. మెదడులో అదే గ్రాహకం మీద పనిచేసే రెండు విదేశీ మందులు 2017 నాటికే పెద్ద పరీక్షల్లో ఓడిపోయాయి. ఈ సంగతి దాచినది కాదు. వెతికినవాడికి దొరికేదే.

"మరి యజమానులే కొంటున్నారటగా?" అంటారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. హేచరీవాడు తన చెరువులో ఏ పిల్ల వదిలాడో అడిగి మరీ కొంటాం కదా! ప్రమోటర్లు, డైరెక్టర్లు మూడు నెలల్లో 10 లక్షలు దాటి కొన్నా అమ్మినా రెండు ట్రేడింగు రోజుల్లో కంపెనీకి తెలపాలన్నది సెబీ నిబంధన. ఆ వివరం ఎక్స్ఛేంజిలో ఎవరైనా చూడవచ్చు. సత్యం కుప్పకూలిన 2009 జనవరిలోనే తాకట్టు షేర్ల వివరమూ చెప్పి తీరాలన్నారు. నేనైతే కొనుగోళ్లకన్నా ఆ తాకట్టు లెక్కే ముందు చూస్తాను.

అయితే ఒక మెలిక. మంచి పరీక్షలో ఎవరికి మందిచ్చారో, ఎవరికి ఉత్త బిళ్ల ఇచ్చారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ముడి విప్పేదాకా యజమానికీ తెలియకూడదు. కనుక పరీక్ష మధ్యలో ఆయన కొన్నాడంటే అది ఆయన నమ్మకమే, సమాచారం కాదు. సమాచారంతోనే కొంటే అది నేరం. అంజిరెడ్డిగారికి తన మందు మీద నమ్మకం లేకనా?

మొన్న మా బాబాయి, "ఒరేయ్, బీఎస్సీ చదువుతున్నావుగా, ఈ కంపెనీ సంగతి చూడు" అని ఫోను చేతికిచ్చాడు. వేరుశనగ అమ్మిన డబ్బు ఆయన దగ్గరున్నది. చూశాను. పరీక్ష జరిగింది 24 మంది మీద. పోల్చడానికి వేరే గుంపే లేదు. ప్రమోటరు షేర్లు సగానికి పైగా తాకట్టులో ఉన్నాయి. చెప్పాను. ఆయన ఇంకా కొనలేదు, కొననని కూడా అనలేదు.