విడిపోతే ఎవరికెంత నష్టం?

2009లో అమెరికాలో జరిగిన నెట్‌వర్క్ ఇంజినీర్ల సమావేశానికి హరికేన్ ఎలక్ట్రిక్ అనే సంస్థ ఒక కేకు పట్టుకొచ్చింది. ఇంటర్నెట్ కొత్త చిరునామా పద్ధతి అయిన ఐపీవీ6లో మాతో కలవండి అని పోటీ సంస్థ కోజెంట్‌ను బతిమాలుతూ దానిమీద క్రీముతో రాయించింది. కోజెంట్ మెత్తబడలేదు. ఆ రెండింటి మధ్య నేరుగా దారి లేకుండానే ఏళ్లు గడిచాయి.

ఇంటర్నెట్ అంటే వేల నెట్‌వర్క్‌ల ఇరుగుపొరుగు. సమవుజ్జీలనుకున్న రెండు నెట్‌వర్క్‌లు డబ్బు ప్రసక్తి లేకుండా ఒకరి ఖాతాదారుల ట్రాఫిక్‌ను మరొకరు అందుకుంటే అది పీరింగ్: ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఆ పొత్తు కుదరనివారు పెద్ద నెట్‌వర్క్‌కు డబ్బు కట్టి దారి కొనుక్కోవాలి. దాన్ని ట్రాన్సిట్ అంటారు. ఈ బేరాన్ని గేమ్ థియరీ పట్టిచూసేది ఒక్క ప్రశ్నతోనే: రేపు విడిపోతే ఎవరికెంత నష్టం?

2005 అక్టోబరులో లెవెల్ 3 సంస్థ కోజెంట్‌తో లింకు తెంపేసినప్పుడు దెబ్బ రెండువైపులా తగిలింది. ముందు కన్నార్పినవాడు ఓడినట్టనే పంతం అది. కొద్ది రోజులకే తెగిన లింకు మళ్లీ అతికింది, నెలాఖరుకు ఒప్పందం కుదిరింది. ఈ మధ్యలో కొన్ని సైట్లు తెరుచుకోక తలపట్టుకున్న వినియోగదారుడు మాత్రం ఆ బేరంలో ఎక్కడా లేడు. గేమ్ థియరీ నమూనాలు చాలావాటిలోనూ ఉండడు.

అయినా ఇలాంటి తగాదాలు అరుదు. 2011లో ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ పరిశీలించిన 1,42,210 పీరింగ్ ఒప్పందాల్లో కాగితం మీదకెక్కినవి 698. మిగతావన్నీ నోటిమాటే! ఇందులో మంచితనం కన్నా లెక్కే ఎక్కువ. రేపూ ఎల్లుండీ ఇదే పొరుగువాడితో పని. అతడు మొండికేస్తే ట్రాన్సిట్ కొనుక్కునే దారి ఎలాగూ ఉంది. కాబట్టి ఎవరూ మరీ బిగదీయలేరు.

డబ్బు ప్రసక్తి లేని ఈ పొత్తుకు చట్టమే అడ్డుపడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 2016లో అక్కడి ప్రభుత్వం ట్రాఫిక్ పంపినవాడే అందుకున్నవాడికి డబ్బు చెల్లించాలన్న నియమం తెచ్చింది. ఫేస్‌బుక్ సర్వర్లు కేటీ అనే టెలికం సంస్థ దగ్గర ఉండేవి. అక్కడినుంచి మిగతా రెండు పెద్ద సంస్థలకు ట్రాఫిక్ వెళ్తే బిల్లు కేటీ నెత్తిన పడుతుంది. అంటే జనం మెచ్చే సైటు తన దగ్గరుండటమే కేటీకి శిక్ష అయింది. ఖర్చు భరించమని అది అడిగితే, ఫేస్‌బుక్ ఆ రెండు సంస్థల ఖాతాదారుల ట్రాఫిక్‌ను విదేశాల మీదుగా మళ్లించింది. వేగం పడిపోయింది. నియంత్రణ సంస్థ 2018లో ఫేస్‌బుక్‌కు జరిమానా వేసింది, దాన్ని కోర్టు కొట్టేసింది. చివరికి వీడియో ప్రసారాల వేదిక ట్విచ్, కొరియాలో నెట్‌వర్క్ ఖర్చు చాలా దేశాలకన్నా పది రెట్లని చెప్పి 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం కట్టేసింది.

మన టెలికం సంస్థలు కూడా కొన్నేళ్లుగా ఇలాంటి వాటానే అడుగుతున్నాయి: వీడియోలతో మా గొట్టాలు నింపుతున్నవారు మాకు చెల్లించాలని. టవర్లకూ కేబుళ్లకూ ఖర్చవుతున్న మాట నిజమే. కానీ ఆ వీడియోను రప్పించుకున్నది ఖాతాదారుడు, రీచార్జి రూపంలో ఇప్పటికే చెల్లిస్తున్నదీ అతడే. పైగా బేరంలో టెలికం సంస్థ చేయి ఏమంత కింద లేదు. కోట్లమంది ఖాతాదారులను చేరే దారి దాని గుప్పిట్లోనే ఉంది. ఆ దారి మూసుకుంటే పెద్ద వీడియో సంస్థ కొన్నాళ్లు ఓర్చుకోగలదు. హైదరాబాద్‌లో నిన్నమొన్న మొదలైన స్టార్టప్ ఓర్చుకోలేదు. వాటా కోరే ప్రతిపాదన ఏదైనా సరే, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ మొదట వేయాల్సిన లెక్క ఈ రెండోవాడిది.