విహార బోటు ఎక్కుతున్నారా? తాడు విప్పే ముందు ఆ పది నిమిషాలే కీలకం

ఆదివారం సాయంత్రం. విశాఖపట్నంలో పిల్లలతో బీచ్ రోడ్డంతా తిరిగారు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూశారు. ఇంతలో ఇంట్లో ఒకరు, 'బోటెక్కి సముద్రంలోంచి ఊరిని చూద్దాం' అన్నారు.

కోరిక సబబైనదే. ఒడ్డు మీద నిలబడితే ఈ ఊరు ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. నీటి మీదకు వెళ్తే ఒక్కచూపులో అందుతుంది. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. హార్బర్ ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకొకదాని మీద రాస్ హిల్ చర్చి. ఉత్తరం వైపు చూస్తే కైలాసగిరి.

అయితే ఈ గంట ప్రయాణం క్షేమంగా సాగుతుందా లేదా అన్నది చాలావరకు సముద్రంలో తేలదు. జెట్టీ దగ్గరే తేలిపోతుంది. ఎంతమంది ఎక్కారు, ఎక్కడ కూర్చున్నారు, జాకెట్ కట్టుకున్నారా, వాతావరణం ఎలా ఉంది. ఈ నాలుగూ తాడు విప్పక ముందే తెలిసే విషయాలు. మన దేశంలో జరిగిన పెద్ద ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఐదు ప్రమాదాలు ఏం చెబుతున్నాయి?

2017 నవంబర్ 12, కృష్ణా నది. కార్తీక మాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి పర్యాటకులతో వెళ్తున్న ప్రైవేటు బోటు బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటుకు పర్యాటకులను తిప్పే అనుమతే లేదని తర్వాత తేలింది.

2019 సెప్టెంబర్ 15, గోదావరి. పాపికొండలకు బయలుదేరిన బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. వారిని కాపాడింది పడవలేసుకొని పరుగున వచ్చిన కచ్చులూరు గిరిజనులు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. ఆ ఉధృతిలో బోటు బయలుదేరడమే అసలు తప్పు.

2023 మే 7, కేరళలోని తానూర్. పొద్దుగూకాక బయలుదేరిన విహార బోటు తిరగబడి 22 మంది మరణించారు. చేపల పడవను మార్చి పర్యాటక బోటుగా చేశారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు.

2024 జనవరి 18, వడోదర. హర్ణి చెరువులో స్కూలు పిల్లల విహారయాత్ర. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఇక్కడా పడవ మోయగలిగిన దానికంటే ఎక్కువ మందే ఎక్కారు.

2024 డిసెంబర్ 18, ముంబయి. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటా దీవికి వెళ్తున్న 'నీల్ కమల్' బోటును ఇంజిన్ పరీక్షలో ఉన్న నౌకాదళ స్పీడ్‌బోటు అదుపు తప్పి ఢీకొట్టింది. 15 మంది మరణించారు. బోటుకు అనుమతి 84 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బందికి. లోపల ఉన్నది 100 మందికి పైనే.

నది, చెరువు, సముద్రం. చోట్లు వేరు, కారణాలు కూడా అచ్చం ఒకటి కావు. ముంబయిలో తప్పు ఎదుటి పడవది. కానీ అక్కడ కూడా ఢీకొన్న తర్వాత ఎవరు బతుకుతారన్నది ఎంతమంది ఎక్కారు, ఎంతమంది ఒంటి మీద జాకెట్ ఉంది అన్న దాని మీదే ఆధారపడింది. ఆ ఘటన తర్వాతే గేట్‌వే దగ్గర ప్రతి ప్రయాణికుడూ జాకెట్ వేసుకుని తీరాలని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు.

బోటు ఎందుకు తిరగబడుతుంది?

'నలుగురు ఎక్కువైతే ఏమవుతుంది, ఇంత పెద్ద బోటు మునిగిపోతుందా?' జెట్టీ దగ్గర తరచూ వినిపించే మాట ఇది. బరువు పెరిగితే బోటు మునుగుతుందనే మనం అనుకుంటాం. కానీ చాలాసార్లు బోటు బరువుకు మునగదు, తిరగబడుతుంది. ఆ తేడా అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

నెత్తిన సగం నీళ్లున్న బిందె పెట్టుకుని నడిచి చూడండి. నీళ్లు ఎటు ఊగితే మనిషి అటు తూలతాడు. బోటులో జనం ఆ నీళ్ల లాంటివాళ్లు. డాల్ఫిన్స్ నోస్ కనబడగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే వైపు పోతే బోటు అటు ఒరుగుతుంది. ఒరిగిన బోటులో మనుషులు ఇంకా అటే జారతారు.

పై డెక్ మీద జనం ఎక్కువైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. బరువు కింద ఉంటే, ఒరిగిన బోటు మళ్లీ నిటారుగా నిలబడుతుంది. బరువు పైకి చేరితే ఆ శక్తి తగ్గిపోతుంది. మామూలుగా తట్టుకునే కెరటమే అప్పుడు చాలు. చేపల పడవకు పై అంతస్తు కట్టి విహార బోటుగా మార్చడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు ఊహించవచ్చు. ఆ పడవ అడుగుభాగం మీద ఇంత ఎత్తున బరువు నిలుస్తుందని లెక్కవేసి కట్టింది కాదు.

అందుకే అనుమతి పత్రంలో ఉండే ప్రయాణికుల సంఖ్య కుర్చీల లెక్క కాదు. బోటు ఎంత బరువుతో, ఎంత ఒరిగినా తిరిగి నిలబడగలదన్న లెక్క.

అనుమతి ఇచ్చేది ఎవరు?

ఇక్కడే మనలాంటి ప్రయాణికులు తికమక పడతారు. టికెట్ అమ్మేది ఒకరు, బోటు యజమాని ఇంకొకరు, అనుమతి ఇచ్చేది మూడోవారు.

నదులు, కాలువలు, రిజర్వాయర్ల వంటి లోతట్టు జలాల్లో తిరిగే బోట్లకు 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. నిపుణులు పరీక్షించి ఇచ్చిన సర్వే సర్టిఫికెట్ ఉండాలి. నడిపే సరంగుకు అర్హత పత్రం ఉండాలి. బీమా తప్పనిసరి.

సముద్రంలోకి వెళ్లే బోట్ల సంగతి వేరు. వాటికి నౌకా రవాణా చట్టాలు, ఓడరేవు నిబంధనలు వర్తిస్తాయి. విశాఖ లాంటి పెద్ద రేవు పరిధిలో పోర్టు అథారిటీ మాట చెల్లుతుంది. దాని బయట రాష్ట్ర మారిటైమ్ బోర్డు పాత్ర ఉంటుంది. టికెట్ కౌంటర్ మీద పర్యాటక శాఖ బోర్డు కనిపించవచ్చు. కానీ ఆ బోర్డే బోటుకు సర్టిఫికెట్ కాదు.

కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నదుల్లో బోట్ల రాకపోకలపై నిఘాకు 9 చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. 2020 జూన్‌లో అవి మొదలయ్యాయి. అనుమతి వచ్చాకే బోటు కదలాలన్నది వాటి ఉద్దేశం. ఈ ఆలోచనలో ఉన్న కీలకం ఒకటే: తలలు లెక్కపెట్టేవాడు, టికెట్ డబ్బులు తీసుకునేవాడు ఒకరే కాకూడదు. సీజన్‌లో ప్రతి టికెట్టూ ఆదాయమే. యజమాని చేతిలోనే లెక్క ఉంటే ఆ నలుగురూ ఎక్కేస్తారు. ఏ తీరంలోనైనా, ఏ చట్టం కింద అయినా పర్యవేక్షణ పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు: జెట్టీ దగ్గర మనుషుల్ని లెక్కపెడుతున్నది ఎవరు?

పెద్ద ఓడలో ఉన్న నియమం చిన్న బోటులో ఎందుకు లేదు?

విశాఖ పోర్టులో 2023 సెప్టెంబర్‌లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడికి వచ్చే పెద్ద విహార నౌక ఎక్కారనుకోండి. ఓడ బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే ప్రయాణికులందరికీ అత్యవసర కసరత్తు చేయించాలి. ఎక్కడ గుమిగూడాలి, జాకెట్ ఎలా కట్టుకోవాలి అన్నవి చూపిస్తారు.

ఈ నియమం ఊరికే రాలేదు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా నౌక రాళ్లకు తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి అప్పటికి కసరత్తు జరగలేదు. ఓడ ఎక్కిన 24 గంటల్లోపు చేయిస్తే చాలన్నది అప్పటి నియమం. 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన మారింది.

వేల మంది ఎక్కే ఉక్కు ఓడకు ఇంత జాగ్రత్త. విమానంలో కూడా బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించాకే గాల్లోకి లేస్తారు. గంట సేపు తిరిగే చిన్న బోటులో మాత్రం చాలాచోట్ల స్పీకర్లో పాట పెట్టి తాడు విప్పేస్తారు. రెండు నిమిషాల వివరణకు ఖర్చేమీ కాదు. ఇది తప్పనిసరి చేయమని అడగడం అత్యాశ కాదు.

మీరు ఏం చూడాలి?

ఎక్కే ముందు పది నిమిషాలు చాలు.

సంఖ్య: బోటు మీద రిజిస్ట్రేషన్ నంబరు, అనుమతించిన ప్రయాణికుల సంఖ్య రాసి ఉన్నాయా చూడండి. కనిపించకపోతే అడగండి. ఎక్కుతున్నవాళ్లను మీరే ఒకసారి లెక్కపెట్టండి. ఒళ్లో పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు.

జాకెట్: ఇచ్చారా అన్నది కాదు, బిగించారా అన్నది ముఖ్యం. ఒడిలో పెట్టుకున్న జాకెట్ నీళ్లలో పడ్డాక వేసుకోవడం దాదాపు అసాధ్యం. పట్టీలన్నీ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది వదులైనట్టే. పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగితే నీళ్లలో పిల్లాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు లేదంటే ఆ బోటు పిల్లలకు కాదు.

చోటు: కింది అంతస్తులో అద్దాలు బిగించిన ఏసీ హాలు సుఖంగానే ఉంటుంది. కానీ బోటు మునిగితే నీళ్లు నిండిన గదిలో మిమ్మల్ని జాకెట్ పైకప్పుకు నొక్కి పెడుతుంది. బయటికి దారి దగ్గరున్న సీటు ఎంచుకోండి. తలుపులు ఎటు తెరుచుకుంటాయో చూసుకోండి.

వాతావరణం: విశాఖలో వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. మత్స్యకారులను వేటకు వెళ్లొద్దని హెచ్చరించిన రోజు మీరూ వెళ్లొద్దు. సముద్రంతో బతికేవాళ్లే ఆగిపోయిన రోజు మన సరదాకు తొందరేముంది? పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు కూడా అంతే. చీకటి పడే వేళ 'చివరి ట్రిప్పు' వద్దు.

నంబర్లు: సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ 1554. ఎక్కడైనా 112. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ సిగ్నల్ పోవచ్చు. కాబట్టి ఏ బోటు, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నది ఒడ్డున ఉన్న ఒకరికి ముందే మెసేజ్ పెట్టండి. టికెట్ ఫొటో కూడా పంపండి.

'ఎక్కను, డబ్బులివ్వండి' అనవచ్చా?

అనవచ్చు. డబ్బు కట్టి టికెట్ కొన్నాక మీరు వినియోగదారులు. జాకెట్ ఇవ్వకపోవడం, పరిమితికి మించి ఎక్కించడం సేవలో లోపం. కౌంటర్ దగ్గర తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి బోటెక్కినవారు కేసు కోసం మళ్లీ విశాఖ తిరగనక్కర్లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు ఇవ్వాలి. టికెట్, బోటు నంబరు కనిపించే ఫొటో, తేదీ, సమయం దాచుకోండి. ఇవి లేకపోతే ఫిర్యాదు నిలవడం కష్టం.

అయితే ఒక మాట మరవకూడదు. బోటు పరీక్షించడం ప్రయాణికుడి ఉద్యోగం కాదు. బస్సెక్కేటప్పుడు మనం బ్రేకులు విప్పి చూడం. ఇక్కడ మనం చూడాల్సి వస్తోందంటే, చూడాల్సినవారు ప్రతి ట్రిప్పుకూ చూస్తున్నారన్న నమ్మకం ఇంకా కలగలేదని అర్థం. ప్రమాదం జరిగిన వారం తనిఖీలు, ఆ తర్వాత సెలవుల రద్దీ. ఇలా ఎన్నిసార్లు చూశాం?

ఆ నమ్మకం కలిగే రోజు వరకు, జెట్టీ మీద నిలబడి మనుషుల్ని లెక్కపెట్టడానికి సిగ్గుపడకండి. వెనకవాళ్లు 'ఎక్కండి సార్, లేటవుతోంది' అంటారు. అననివ్వండి. లెక్క ఎక్కువైతే పిల్లల చెయ్యి పట్టుకుని దిగిపోండి. డాల్ఫిన్స్ నోస్ ఎక్కడికీ పోదు, తర్వాతి బోటులో వెళ్లినా అక్కడే ఉంటుంది.