నొప్పికి మాట లేని చదువు

రోగం, డాక్టరు, ఆరోగ్య నియమాల గురించి ఆంగ్లంలో సంభాషించడం వస్తే చాలు, బిడ్డ చదువుకున్నట్లేనని తల్లిదండ్రులు మురిసిపోతున్నారు. మా సిరవారలో ఒక ఆరో తరగతి బాలిక ఆ పాఠాన్ని తడబడకుండా అప్పజెప్పింది. వారం తిరగకముందే తరగతిలో పొట్ట పట్టుకొని కూలబడింది. "స్టమక్ పెయిన్" తప్ప మరో మాట రాలేదు. మంటా, పోటా, ఉబ్బరమా, మెలిపెడుతున్నదా అని అడిగితే నా ముఖం వంక చూసింది.

ఇది చదువా? వైద్యుడు మొదట వినేది రోగి మాటనే గదా! మంటకూ పోటుకూ, సలుపుకూ తిమ్మిరికీ భేదమెరుగని బిడ్డ ఏ భాషలో మాత్రం చెప్పుకోగలదు? పైగా మన చుట్టూ వినిపించేది కన్నడం, ఇంట అవ్వది తెలుగు.

విరేచనాల పాఠంలో "డీహైడ్రేషన్" అని తప్పు లేకుండా వ్రాసిన పిల్లవాడు, లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టి కొలిచిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలపాలని అవ్వకు చెప్పలేకపోతే ఆ మార్కులెందుకు?

ఆంగ్లం వద్దనడం లేదు. క్రమం తప్పవద్దంటున్నాను. మొదట దగ్గు, ప్రక్కనే కన్నడపు కెమ్ము, ఆపైన కాఫ్. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ వసతిని అడగవలసిన మనమే ఇంట్లో "ఫీవర్ వచ్చిందా నాన్నా" అంటున్నాము!

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వారమే నొప్పిని తెలిపే పది తెలుగు మాటలు పిల్లలచేత వ్రాయించండి. తల్లులారా, బిడ్డ ఒళ్లు కాలితే జ్వరమనే అనండి.