జాన్సన్ కథాశ్రవణము

అమెరికా ముప్పదియారవ అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ చరిత్రను వ్రాయుటకు రాబర్ట్ కేరో పూనుకొన్నది 1970వ దశకమున. మొదటి సంపుటము 1982లోను, నాల్గవది 2012లోను వెలువడినవి. ఐదవదానికై లోకమింకను ఎదురుచూచుచునే యున్నది. ఈ బృహద్గ్రంథములు చదివి వినిపించిన రూపమున కూడ లభించుచున్నవి. ఒక్కొక్కదానిని వినుటకు పదుల గంటలు పట్టును. కొన్ని మాసములుగా ఉదయపు నడకలోను, రాత్రి దీపమార్పిన పిమ్మటను నేను ఆ శ్రవణమందే యున్నాను. పరదేశపు రాజకీయవేత్త కథ యింత దీర్ఘముగా వినవలెనా యని మిత్రులు అడుగుచుందురు. ఈ గ్రంథమున దైర్ఘ్యమే న్యాయమని నా నమ్మకము. అధికారము చేపట్టినవానిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, ఆ అధికారము ఎవరి నట్టింట ఏమి మార్చినదో, ఎవరి నోట ఏమి కొట్టినదో తెలియవలెను. సంగ్రహచరిత్రలలో తెలియనిది సరిగా అదియే.

టెక్సస్ రాష్ట్రమున ఆస్టిన్ నగరమునకు పడమట నున్న కొండసీమ జాన్సన్ జన్మస్థలము. 1937లో ఇరువది యెనిమిదేండ్ల వయస్సున అతడు ప్రతినిధుల సభకు ఎన్నికైననాటికి అచటి పల్లెలలో విద్యుత్తు లేదు. సామాన్య చరిత్రకారుడు ఈ మాట చెప్పి ముందునకు సాగిపోవును. కేరో మాత్రము భార్యతో కూడ ఆ సీమకు కాపురము మార్చి, దాదాపు మూడేండ్లు అచట నివసించి, వృద్ధస్త్రీల యిండ్లకు పోయి కూర్చుండెను. ఒక ముదుసలి తన పాత బావి చెంతకు అతనిని తోడ్కొనిపోయి, బొక్కెన వేసి నీరు తోడుమన్నదట. ఆ బరువు చేతికి తెలిసిన పిమ్మటగాని అతనికి ఆమె మాటలలోని బరువు తెలియలేదు. ఒక సేద్యగాని కుటుంబమునకు ఏడాదికి 73,000 గ్యాలన్ల నీరు కావలెననియు, దానిని చేదుకొని మోయుటకు 1,750 మైళ్లు నడువవలెననియు ఆనాటి ప్రభుత్వపు లెక్క. భుజముపై కావడి, దానికి రెండువైపుల రెండు బొక్కెనలు. నడివయస్సు రాకమునుపే వంగిన వీపులు. సోమవారము బట్టలుతుకుట, మంగళవారము ఇస్త్రీ. మండువేసవిలో కట్టెలపొయ్యి ప్రక్కను నిలిచి, ఆరేడు పౌన్ల యినుప ఇస్త్రీపెట్టెలను ఒకటి చల్లారగనే మరియొకటి మార్చుకొనుచు ఆ ఇల్లాండ్రు గడపిన పగళ్లను కేరో గంట వెంబడి గంటగా మనకు వినిపించును.

కంటితో చదువువాడు ఇట్టి ఘట్టమున రెండు పుటలు త్రిప్పివేయగలడు. చెవి యొగ్గినవాడు చదువరి కంఠము నడచిన నడకనే నడువవలెను. పురాణకాలక్షేపమునకు కూర్చుండి పెరిగిన మనవారికి ఈ సంగతి క్రొత్తగాదు. కథ తన కాలమును తాను తీసికొనును, శ్రోత దానికి లోబడును. ఆ లోబడుటవలననే, మైలుకు ముగ్గురైనను వాడుకదారులు లేనిచో విద్యుత్తు తీగలు వేయరాదన్న నియమమును సడలింపజేయుటకు జాన్సన్ నాటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కడకు పోయిన ప్రకరణము వచ్చినపుడు, కావడి మోసిన భుజములు శ్రోతకు జ్ఞప్తియందుండును. 1939లో తీగలలో ప్రాణము వచ్చిన రాత్రి, ఊరినుండి తిరిగివచ్చుచున్న ఒక కుటుంబము తమ యిల్లు వెలుగుచుండుట దూరమునుండి చూచి, నిప్పంటుకొన్నదని కలవరపడినదట. ఇది విన్నపుడు నేను నడక ఆపి నిలబడిపోతిని.

పల్లెలకు ఆ వెలుగు తెచ్చిన జాన్సనే 1948లో సెనేట్ స్థానమునకై తన పక్షపు తుది ప్రాథమిక ఎన్నికలో సుమారు పది లక్షల ఓట్లలో 87 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. ఓటింగు ముగిసిన ఆరు దినములకు ఆలిస్ అను పట్టణపు 13వ నంబరు పెట్టె లెక్కలో అతనికి ఇన్నూరు ఓట్లు అదనముగా చేరినవి. ఆ జాబితాలో చేర్చిన పేర్లు ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో, అకారాదిక్రమమున ఉండెనని చూచినవారు చెప్పిరి. ఆ ఎన్నిక దొంగిలింపబడినదని కేరో నిస్సంకోచముగా నిర్ణయించెను. అయినను, ఈ చౌర్యమును సవిస్తరముగా చెప్పు ఆ రెండవ సంపుటమునే ఆయన 1965 మార్చి 15వ తేదీతో ప్రారంభించెను. ఆనాడు అధ్యక్షుడైన జాన్సన్ ఉభయసభల యెదుట నిలిచి, నల్లజాతివారి ఓటుహక్కు శాసనమును కోరెను. తన యౌవనమున కొటుల్లా గ్రామమున తాను పాఠములు చెప్పిన, ఆకలితో బడికి వచ్చు మెక్సికన్ పిల్లలను తలచుకొనెను. ఓట్లు దొంగిలించిన చేయియే లక్షలమందికి ఓటునిచ్చిన చేయి. ఈ రెండింటిలో ఏది నిజమైన జాన్సన్ అని కేరో అడుగడు, మనలను అడుగనీయడు. రెండును వినిపించి ఊరకుండును.

చెవికి అందనివి కొన్ని కలవు. ఆధారసూచికలు వినబడవు, 13వ పెట్టె వివాదమువంటి చోట్ల అచ్చుపుస్తకము చేతనుండుట మేలు.

మన నాయకులను గూర్చి వచ్చు గ్రంథములలో అధికభాగము అభినందన సంచికల తోబుట్టువులు. తక్కినవి శత్రువులు వ్రాసిన అభియోగపత్రములు. ఒక ఆనకట్ట కట్టించిన ముఖ్యమంత్రిని గూర్చి వ్రాయువాడు, ఆ కాలువ నీరు పారిన మడిలోని కూలిదానితోను, ముంపులో ఊరు పోయిన ముదుసలితోను ఏండ్లతరబడి కూర్చుండవలదా? అట్టి పనికి జీతమిచ్చు ప్రచురణకర్తలును, ఓపికతో నిరీక్షించు పాఠకులును మనకు కావలెను. ఆ ఓపిక నేర్చుకొనుటకు వినుటను మించిన మార్గము నాకు కనబడలేదు.

ఐదవ సంపుటమునందు వియత్నాము యుద్ధము వచ్చును. దానితోపాటు మనకు సంబంధించిన అధ్యాయమొకటి రావలెనని నా కోరిక. 1965, 66 సంవత్సరములలో వానలు తప్పి ఈ దేశము అన్నమునకు అలమటించినపుడు, అమెరికా ఆహారసహాయ శాసనమైన పి.ఎల్. 480 క్రింది గోధుమలను జాన్సన్ ఏకమొత్తముగా పంపక, నెలనెలకు తానే అనుమతించుచు, మన వ్యవసాయవిధానము మారవలెనని ఒత్తిడి చేసెను. వియత్నాముపై మన విమర్శ అతనికి గిట్టలేదు. నాటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి పిలుపు విని సోమవారపు రాత్రి భోజనము మానిన ఇండ్లవారికి ఆ ఓడల రాక యెట్టిదో తెలియును. కొండసీమ స్త్రీల బావికడకు పోయిన రచయిత ఆ ఓడలు ఆగిన రేవులకును వచ్చి, ఇచటి ముదుసలులను అడిగి వ్రాసినయెడల, ఎన్ని గంటలైనను విందును.