ఇంటికి బొంత, చూరులో రవ్వ

కాలిపోయిన ఇంటిని మళ్ళీ కట్టేటప్పుడు దాని గోడల్లో, కప్పులో, నేల కింద ఏ రకం ఇన్సులేషన్ పెట్టాలన్నది యజమాని జేబుకి వదిలేయకూడదు. అడవి మంటలు వచ్చే చోట్ల దానికి ఒక నియమం ఉండాలి. న్యూజిలాండ్ బిల్డింగ్ కోడ్‌లో అడవి మంట కోసమని రాసిన నియమం లేదు. ఈ పోస్టులో నా వాదన ఇంతే. దారిలో కొన్ని తెలుగు మాటలు కూడా దొరుకుతాయి, నాలాగా నేర్చుకుంటున్నవాళ్ళకి పనికొస్తాయి.

ముందు ఆ మాట సంగతే చూద్దాం. ఇన్సులేషన్‌కి బడి పుస్తకాల్లో 'ఉష్ణబంధకం' అని ఉంది. వేడిని కట్టిపడేసేది అన్నమాట. మాట బాగుంది కానీ ఇంట్లో ఎవరూ అనరు. నేను క్రైస్ట్‌చర్చ్‌లో కొత్త ఇళ్లకు ఎస్టిమేట్లు వేస్తాను. ఒకసారి అమ్మమ్మకి ఫోన్‌లో నా పని చెబుతూ, "గోడల మధ్య గాజుతో చేసిన దూది లాంటిది కూరుతాం, వేడి బయటికి పోకుండా" అన్నాను. "ఇంటికి బొంత కప్పుతారన్నమాట" అంది. బొంత తెలుసు కదా, పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టేది. ఆ పొరల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. గాజు దూది చేసే పని కూడా సరిగ్గా అదే. అందుకని ఇక్కడ నేను బొంత అనే అంటాను.

ఇప్పుడు లేక్ ఓహౌ. దక్షిణ ద్వీపంలో మంచు కొండల పక్కన, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 2020 అక్టోబర్ 4 తెల్లవారుజామున మంట వచ్చింది. 5,000 హెక్టార్లకు పైగా కాలింది. ఊళ్ళో 48 ఇళ్లు పోయాయి. మనుషులందరూ చీకట్లోనే బయటపడ్డారు, ఎవరూ చనిపోలేదు. పక్కనే స్కీ మైదానం ఉన్న ఊరది, చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది. అంటే అక్కడ మళ్ళీ కట్టే ఇంటికి మందపాటి బొంత కావాలి, ఆ బొంత అంటుకోకుండా కూడా ఉండాలి. ఇది ఎక్కడో మారుమూల ఊరి గొడవ అనుకోవడానికి లేదు. క్రైస్ట్‌చర్చ్ పక్కనున్న పోర్ట్ హిల్స్ 2017 ఫిబ్రవరిలో కాలాయి, 9 ఇళ్లు పోయాయి. ఏడేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, అవే కొండలు మళ్ళీ కాలాయి. ఆ కొండల కింద హాల్స్‌వెల్‌లో కొత్త ఇళ్లు వరసగా లేస్తున్నాయి. నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు రెండు అక్కడే స్థలం కొన్నాయి.

ఇక్కడ మంటను తరిమే గాలి నార్వెస్టర్. ఆల్ప్స్ కొండలు దాటి కాంటర్‌బరీ మైదానం మీదికి వేడిగా, పొడిగా దిగుతుంది. మన వడగాలికి చుట్టమే. తెలుగులో ఆ దిక్కుని వాయవ్యం అంటాం, వాయుదేవుడి మూల. దానికి ఎదురు మూల ఆగ్నేయం, అగ్నిదేవుడిది. వాయవ్యం నుంచి గాలి వీస్తే మంట ఆగ్నేయానికి పోతుంది. దిక్కులకు పేర్లు పెట్టినవాళ్ళు కాంటర్‌బరీ చూసి పెట్టలేదు కానీ, నాకు ఆ రెండు మాటలు అప్పటినుంచీ మరిచిపోకుండా గుర్తున్నాయి.

చాలామంది అనుకునేదేమిటంటే, ఎత్తైన మంట వచ్చి ఇంటిని మింగేస్తుందని. కొన్నిసార్లు అలాగే జరుగుతుంది. కానీ ఎక్కువ ఇళ్లు నిప్పురవ్వల వల్ల పోతాయి. గాలి రవ్వల్ని మంటకంటే చాలా ముందుకు మోసుకొస్తుంది. అవి తూములో ఎండిన ఆకుల మీద, చెక్క డెక్ కింద, రేకుల సందుల్లో, చూరులో పడతాయి. చూరు అంటే గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు. ఒక్క రవ్వ లోపలికి దూరితే చాలు. దాన్ని ఎవరూ చూడరు. మంట ఊరు దాటి వెళ్ళిపోయాక, ఫైరింజన్లు ఇంకో వీధికి వెళ్ళాక, కొన్ని గంటలకి అటక మీద పొగ మొదలవుతుంది.

దీనికి తెలుగులో ఒక మాట ఉంది: నివురుగప్పిన నిప్పు. నివురు అంటే కణకణలాడే నిప్పు మీద పేరుకునే పలచని బూడిద. పైకి చల్లారినట్టు కనిపిస్తుంది, లోపల వేడి అలాగే ఉంటుంది. మనం ఈ మాటని కోపం గురించి, పగ గురించి వాడతాం. కానీ దాని అసలు అర్థం చూడండి, నివురు నిప్పుకి కప్పిన బొంత! వేడిని పోనివ్వకుండా దాచిపెట్టేది మనిషినైనా నిప్పునైనా ఒకేలా కాపాడుతుంది. అందుకే బొంత దేనితో చేశారన్నది ముఖ్యం.

గాజు దూది మంటని పెంచదు. ఈ దేశంలో పింక్ బాట్స్ పేరుతో అమ్మే గులాబీ రంగుది అదే. రాతి నుంచి తీసే దూది ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. గొర్రె ఉన్ని సులువుగా అంటుకోదు, ఈ దేశంలో దానికి కొరత కూడా లేదు. పాలిస్టర్ దూది చేతికి దురద పెట్టదని చాలామంది ఇష్టపడతారు, కానీ వేడికి కరిగి కారుతుంది. పాలిస్టైరిన్, అంటే టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల నురగ అట్ట, కరుగుతుంది, మండుతుంది కూడా. కాంక్రీటు కింద భూమిలో ఉన్నంతవరకు దానితో బాధ లేదు. చెక్క నేల కింద, దూలాల మధ్య, గాలికి తెరిచి పెడితేనే నాకు భయం. అక్కడే ఎండుటాకులు చేరేది, అక్కడికే రవ్వలు కొట్టుకొచ్చేది.

ఇక కన్నాలు. చెక్క నేల ఉన్న ఇంటికి కింద గాలి ఆడాలి, లేకపోతే తేమకి దూలాలు కుళ్ళిపోతాయి. దీనికి ఈ దేశపు ప్రమాణం లెక్క కూడా చెబుతుంది: చదరపు మీటరు నేలకి 3,500 చదరపు మిల్లీమీటర్ల తెరిచిన జాగా. గోడ పైపలకల వెనక కూడా నీళ్లు కారిపోవడానికి సన్నటి ఖాళీ వదిలి, కింద కన్నాలున్న పట్టీ వేస్తాం. ఆ పట్టీ కన్నాలు ఎలుకలు, పురుగులు దూరకుండా లెక్క వేసినవి. రవ్వల్ని మనసులో పెట్టుకుని లెక్క వేసినవి కావు. ఆస్ట్రేలియాలో బుష్‌ఫైర్ ప్రాంతాల ఇళ్లకు ఏఎస్ 3959 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. అలాంటి కన్నాలకు 2 మిల్లీమీటర్లకు మించని లోహపు జాలీ కట్టమంటుంది. జాలీ కడితే గాలి తగ్గుతుంది కాబట్టి కన్నాలు ఎక్కువ పెట్టాలి. అంతే, పెద్ద విద్య ఏమీ కాదు. సముద్రం అవతల పక్కింటివాళ్ళు రాసుకున్నదాన్ని మనం ఇన్నేళ్లు చూస్తూ కూర్చున్నాం.

మన కోడ్ చలి గురించి మాత్రం బోలెడు చెబుతుంది. కొత్త ఇళ్లకు ఇన్సులేషన్ 1978 నుంచి తప్పనిసరి. దక్షిణ ద్వీపంలో పైకప్పుకి ఆర్ విలువ పట్టికలో 3.3గా ఉండేది, 2023 మే నుంచి దాన్ని 6.6 చేశారు. ఒక్కసారిగా రెట్టింపు. బిల్డర్లు ఖర్చు ఖర్చు అని గోల పెట్టారు, ప్రభుత్వం పట్టికను వదిలి ఇంటి మొత్తానికి కలిపి లెక్క కట్టే పద్ధతుల వైపు జరిగింది. ఆ వాదన అంతా అంకె చుట్టూనే తిరిగింది. ఆ 6.6 దేనితో చేసినదని అడిగిన గొంతు నాకు పెద్దగా వినిపించలేదు.

మంట భయంతో బొంత పలచన చేద్దామనేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. ఈ దేశంలో చలికాలం నెలల్లో మామూలుకంటే అదనంగా ఏటా సుమారు 1,600 మంది చనిపోతారని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు చెబుతూ వచ్చారు. వాళ్ళే 1,350 ఇళ్లలో ఇన్సులేషన్ పెట్టించి చూశారు, 2007లో ఫలితాలు వచ్చాయి. ఊపిరిలో పిల్లికూతలు, పిల్లలు బడి మానేసే రోజులు తగ్గాయి. ఓహౌ మంటలో ప్రాణం పోలేదు. చలి మాత్రం చప్పుడు లేకుండా ఏటా ప్రాణాలు తీస్తోంది. కాబట్టి ఇది కావాలా అది కావాలా అనే బేరం నాకు నచ్చదు.

ఆ బేరం మన ఊళ్ళలో ఒకసారి జరిగిపోయింది. అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళది కృష్ణా జిల్లాలో తాటాకు ఇల్లు. ఎండాకాలం పడమటి గాలి మొదలైతే ముందు పొయ్యి ఆర్పేవారట, ఒక ఇంట్లో రవ్వ లేస్తే వాడంతా పోతుందని. తాటాకు మంచి బొంత. మధ్యాహ్నం కూడా కింద చల్లగా ఉండేదట. తర్వాత స్లాబు ఇల్లు కట్టారు. నిప్పు భయం పోయింది. ఇప్పుడు రాత్రి పదింటికి కూడా ఆ స్లాబు కింద పడుకోలేక ఆరుబయట మంచం వేసుకుంటారు. కాలనిది తెచ్చుకుని, బొంత పారేసుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, కప్పుల మీద ఎండని తిప్పికొట్టే పూతలు వేయమంటున్నది ఆ పోయినదాన్ని కొంతైనా తిరిగి తెచ్చుకోవడానికే. చలి దేశంలో మనం అదే పనిని ఇంకో వైపు నుంచి చేయకపోతే బాగుంటుంది.

డబ్బు సంగతి చెప్పకుండా తప్పించుకోలేను, అది నా రోజువారీ పని. 2010, 2011 భూకంపాల తర్వాత ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు ఇల్లు మొత్తం కట్టిచ్చే పాలసీల నుంచి, ముందే రాసుకున్న మొత్తం వరకే ఇచ్చే పాలసీలకి మారిపోయాయి. ఆ మొత్తం మీరు పదేళ్ల కింద రాసిందే అయితే, ఈనాటి ధరల్లో, ఈనాటి కోడ్ ప్రకారం ఇల్లు దానితో పూర్తి కాదు. అప్పుడు నా ఎదురుగా కూర్చుని కాగితం మీద వేలు పెట్టి ఒక్కో లైనూ కొట్టేయమంటారు. వాళ్ళని తప్పు పట్టలేను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు, అని సామెత ఉంది కదా. బూడిదైన ఇంటివాళ్ళకి రాతి దూది గొప్పతనం చెప్పేటప్పుడు నాకు నేనే ఆ చుట్టవాడిలా అనిపిస్తాను. అయినా చెబుతాను. ముందు పోయేవి కంటికి కనపడనివే: జాలీ, గోడల్లో దూది రకం, సందులు మూసే పని. వంటగది రాతి బల్ల మాత్రం చివరిదాకా ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే గది ఒకటి తగ్గించుకోండి, రెండో గ్యారేజీ మానుకోండి, డెక్ తర్వాత వేసుకోండి. డబుల్ గ్లేజింగ్ మాత్రం ఉంచుకోండి, అందులోనూ గట్టిపరిచిన గాజు దొరికితే తీసుకోండి. అది చలికీ పనికొస్తుంది, వేడికి త్వరగా పగలదు. కిటికీ పగిలితే రవ్వలకి తలుపు తీసినట్టే.

కానీ ఇదంతా ఒక్కో కుటుంబం నా బల్ల దగ్గర ఒంటరిగా తేల్చుకోవాల్సి రావడమే నాకు నచ్చనిది. కోడ్‌లో రాసి ఉంటే నేను ఆ లైను కొట్టేయలేను, వాళ్ళు కొట్టేయమనీ అడగరు, ఇన్సూరెన్స్ మొత్తం రాసేటప్పుడే ఆ ఖర్చు అందులో చేరుతుంది. కౌన్సిళ్ళు పోర్ట్ హిల్స్ వాలుల్నీ, ఓహౌ లాంటి ఊళ్ళనీ మ్యాపులో గీసి, అక్కడ కట్టే ఇళ్లకైనా సన్న జాలీ, మండని దూది, చెక్క నేల కింద నురగ అట్ట వద్దు అని రాస్తే మొదలుపెట్టడానికి చాలు.

ఈలోగా హాల్స్‌వెల్‌లో స్థలం కొన్న ఆ రెండు కుటుంబాల్లో ఒకరు ప్లాన్ పంపించారు. కప్పులో ఆర్ 6.6 అని ఉంది, దేనితో అన్నది లేదు. బిల్డర్‌ని అడగమని రాశాను.