ఉన్నిని ఉతకొద్దు, నానబెట్టండి

షాపులో ఊలు ఉండలు కొని స్వెట్టర్ అల్లడం మనలో చాలామందికి వచ్చు. గొర్రె ఒంటిమీంచి కత్తిరించిన పచ్చి ఉన్నిని కడిగి, వడికి, అల్లడం మాత్రం నాకు నలభై దాటాకే తెలిసింది. అదీ ఒకసారి పాడుచేశాక!

2023 నవంబరులో మా చెల్లెలి రెండో కాన్పుకని న్యూజీలాండ్ వెళ్ళాను. క్రైస్ట్‌చర్చ్ ఊరి బయట వాళ్ళిల్లు. పక్కింటి పెద్దావిడకు నాలుగు గొర్రెలు, రెండు అల్పాకాలు ఉన్నాయి. అల్పాకా ఒంటె జాతిది. పెరూ, బొలీవియా కొండలు దాని పుట్టిల్లు. ఎండలు ముదరకముందే వాటికి ఉన్ని కత్తిరిస్తారు.

తమ్ముడు పుట్టాడని చెల్లెలి ఐదేళ్ళ కూతురు మూతి ముడుచుకుని తిరుగుతోంది. "పెద్దమ్మా, ఆ గొర్రె ఉన్నితో నాకు స్వెట్టర్ చేస్తావా?" అంది. సరేనని మాటిచ్చేశాను. ఆవిడ ఒక గొర్రె ఉన్నంతా, సంచెడు అల్పాకా ఉన్నీ ఇచ్చారు.

ఆ జిడ్డూ, వాసనా చూసి నా చేతులు ఊరుకోలేదు. సగం ఉన్ని వేడినీళ్ళలో వేసి, సబ్బుపొడి చల్లి, దుప్పటి ఉతికినట్లు పిసికాను. తర్వాత చన్నీళ్ళ పంపు కింద జాడించాను. అంతే, అట్ట కట్టేసింది! ఎంత లాగినా విడలేదు. ఏడాదిపాటు ఆ మూగజీవి ఒంటిమీద పెరిగిన ఉన్ని. ఆవిడకేం చెప్పాలో తెలియక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ నవ్వి, మిగిలిన సగం తన వంటింట్లోనే కడిగి చూపించారు. ఉన్ని వెంట్రుకకు చేప పొలుసుల్లాంటి పొరలుంటాయట. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇక వదలవు.

కడిగే పద్ధతి: పేడ అంటిన అంచులు, గడ్డీగాదం తీసేసి, ఉన్నిని వల సంచిలో వదులుగా పెట్టాలి. తొట్టెలో సుమారు 60 డిగ్రీల వేడినీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపాక సంచి దించాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఇరవై నిమిషాలు కదపకూడదు. నీళ్ళు చల్లారకముందే తీసెయ్యాలి, లేకపోతే కరిగిన జిడ్డు మళ్ళీ అంటుకుంటుంది. జాడించే నీళ్ళూ అంతే వేడిగా ఉండాలి. పిండకుండా తువాలులో చుట్టి అదిమి, నీడన ఆరబెట్టాలి. అల్పాకా ఉన్నికి ఆ జిడ్డు ఉండదు, దుమ్మే ఎక్కువ. బాగా దులిపి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీస్తే చాలు.

కలపడం, వడకడం: అల్పాకా మెత్తన, వెచ్చన. కానీ దానికి సాగి మళ్ళీ ముడుచుకునే గుణం తక్కువ. అచ్చంగా దానితోనే అల్లితే స్వెట్టర్ జారి మోకాళ్ళకు వస్తుంది. అందుకే రెండు వంతులు గొర్రె ఉన్ని, ఒక వంతు అల్పాకా కలిపి, ముళ్ళ బ్రష్షుల జతతో దువ్వాం. కదురు మీద సన్నగా వడికి, రెండు పోగులు కలిపి ఎదురు పురి పెట్టాం. చిలపలుగా చుట్టి, తడిపి ఆరవేస్తే పురి కుదురుకుంటుంది.

అల్లిక: ముందుగా 8వ నంబరు సూదులతో జానెడు మాదిరి ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెట్టుకోండి. ఇంట్లో వడికిన నూలు ఏ రెండు చిలపలూ ఒక్కలా ఉండవు.

మన దక్కనీ గొర్రెల ఉన్ని దొరికితే అదీ ఇలాగే కడగవచ్చు. కాకపోతే అది ముతక. గొంగడికి బాగుంటుంది గానీ పిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది. ఆసనాలు అల్లుకోండి.

నేను తిరిగొచ్చే ముందు వారమే స్వెట్టర్ పూర్తయింది. పిల్ల దాన్ని వేసుకుని, మొదట కంచె దగ్గరికి పరుగెత్తి గొర్రెకి చూపించింది. తర్వాత లోపలికొచ్చి తమ్ముడికి చూపించింది.

అట్టకట్టిన ఉన్నిని నేను పారెయ్యలేదు. గుండ్రంగా కత్తిరించి తెచ్చుకున్నాను. పొయ్యి మీంచి దించిన గిన్నె కింద ఇప్పుడు అదే మా ఇంట్లో మట్టు. దాన్ని చూసినప్పుడల్లా అనుకుంటాను, కొన్ని పనుల్లో చెయ్యి పెట్టకుండా ఆగడమే అసలు పనితనమని.