దాచిన ఓటమి ఏం నేర్పుతుంది?

విజయాన్ని గురించి రాసుకోవటానికి ఏ జాతికీ ధైర్యం అక్కరలేదు. పరాజయాన్ని గురించి రాసుకోవటానికే గుండె నిబ్బరం కావాలి. స్వతంత్ర భారత సైనిక చరిత్రలో ఆ నిబ్బరం ఒక యుద్ధం విషయంలో కనిపిస్తుంది. మరొక యుద్ధం విషయంలో కనిపించదు. 1999 నాటి కార్గిల్ పోరును దేశం ఏడాది తిరగకముందే సమీక్షించుకున్నది. 1962 నాటి చైనా యుద్ధంపై సైన్యమే తయారుచేసిన నివేదికను మాత్రం ఆరు దశాబ్దాలు దాటినా ప్రభుత్వం అధికారికంగా వెల్లడించలేదు.

1962 అక్టోబరు 20న మొదలైన దాడి నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించటంతో ముగిసింది. ఆ నెల రోజుల్లో సేలా, బొమ్డిలా మన చేజారాయి. వేలాది జవాన్లు శత్రువుకు బందీలుగా చిక్కారు. రక్షణ మంత్రి కృష్ణమీనన్, సైన్యాధ్యక్షుడు థాపర్ పదవులనుంచి తప్పుకోవలసి వచ్చింది. థాపర్ స్థానంలో వచ్చిన జనరల్ చౌధురి వైఫల్య కారణాలపై విచారణ జరిపించారు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో నివేదిక సమర్పించారు. సైనిక శిక్షణ, ఆయుధ సామగ్రి, ఆజ్ఞాపన వ్యవస్థ, జవాన్ల దేహ దారుఢ్యం, సేనానుల సామర్థ్యం అన్న అంశాలకే వారి విచారణ పరిమితం. ఢిల్లీలో తీసుకున్న రాజకీయ నిర్ణయాలు దాని పరిధిలోకి రాలేదు. ఆ పరిమిత నివేదికనుంచి కూడా 1963 సెప్టెంబరులో రక్షణ మంత్రి చవాన్ పార్లమెంటుకు వినిపించింది కొద్దిపాటి సారాంశమే.

నివేదికలోని విషయాలు నేటికీ సైనిక ప్రాధాన్యం గలవి గనుక బయటపెట్టలేమని 2010లో ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014 మార్చిలో విదేశీ పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ అందులో ఒక భాగాన్ని ప్రపంచం ముందు పెట్టారు. నివేదికను బహిర్గతం చేయాలని అప్పుడు ప్రతిపక్షంలో ఉండి కోరిన అరుణ్ జైట్లీ, అదే ఏడాది జూలైలో రక్షణ మంత్రి హోదాలో, అది జాతి ప్రయోజనాలకు మంచిది కాదన్నారు. పార్టీలు మారాయి, తాళం మారలేదు. లోకమంతా చదివిన పుటలను సొంత పౌరులకు చూపకపోవటం ఏ రహస్యాన్ని కాపాడటానికి?

సరిహద్దు తగాదా తేలలేదు గనుక గోప్యత అవసరమన్న వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. అయితే అందుకు మార్గం కార్గిల్ అనంతరమే కనిపించింది. పోరు ముగిసిన మూడు రోజులకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం ఏర్పడింది. డిసెంబరులో నివేదిక ఇచ్చింది. భద్రతకు సంబంధించిన భాగాలను తొలగించి, మిగతాదానిని 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు ఉంచారు. వ్యక్తుల బాధ్యతను తేల్చలేదన్న విమర్శ దానిపై లేకపోలేదు. అయినా గూఢచార వ్యవస్థలోని లోపాలను అది ఎత్తిచూపింది. తర్వాతి సంస్కరణలకు అది పునాది అయింది. దానివల్ల దేశ భద్రతకు చేటు కలిగిన దాఖలా లేదు.

దాపరికం ఎక్కడికి దారితీస్తుందో పొరుగుదేశం చూపింది. 1971 ఓటమిపై పాకిస్తాన్ నియమించిన హమూదుర్ రహమాన్ కమిషన్ నివేదికను అక్కడి పాలకులు పాతిక సంవత్సరాలకు పైగా తొక్కిపెట్టారు. 2000లో ఒక భారతీయ పత్రిక అందులోని భాగాలను ప్రచురించిన తర్వాతనే ఇస్లామాబాదు చాలా భాగాన్ని వెల్లడించింది. తమ సైన్యం చేసిన తప్పులను ఆ ప్రజలు పరాయి దేశపు పత్రిక ద్వారా తెలుసుకోవలసి వచ్చింది. 1962 విషయంలో మన స్థితి అంతకంటె మెరుగైనదేమీ కాదు.

గోప్యత పెద్దల తప్పిదాలనే కాదు, సామాన్య సైనికుని శౌర్యాన్నీ మరుగుపరుస్తుంది. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా వద్ద మేజర్ షైతాన్ సింగ్, ఆయన వెంట వంద మందికి పైగా కుమావూ జవాన్లు స్థానం వీడకుండా పోరాడి నేలకొరిగారు. బతికివచ్చిన కొద్దిమంది చెప్పినదానిని మొదట నమ్మినవారు తక్కువ. నెలల తర్వాత మంచులో ఆయుధాలు పట్టుకునే ఉన్న మృతదేహాలు కనిపించినప్పుడుగాని ఆ నిజం రుజువు కాలేదు. అదే లడఖ్‌లో 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది అసువులు బాశారు. సరిహద్దు ఇంకా తేలలేదు గనుకనే నాటి పాఠం నేటి జవానుకు అవసరం.

యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు బహిర్గతం చేయాలని, యుద్ధం ముగిసిన అయిదేళ్లలోగా చరిత్ర సంకలనం పూర్తి కావాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. హర్షణీయమే. కాని విధానానికి విలువ వచ్చేది తొలి అమలుతోనే. ఆ తొలి అమలు 1962 నివేదికతో ప్రారంభం కావాలి. సైనిక రహస్యమని నిపుణులు నిర్ధారించిన పంక్తులను తొలగించి, మిగతాదంతా పార్లమెంటు ముందు ఉంచాలి. అంత చలిలో, అరకొర ఆయుధాలతో తమ బిడ్డలను కొండలపైకి ఎవరు, ఎందుకు పంపారో తెలుసుకునే హక్కు ఆ కుటుంబాలకు 1962లోనే ఉన్నది. అది నేటికీ తీరని బాకీ.